ఎవరి మాటకు ఎవరి షరా?

హరిశ్చంద్రపురంలో ఒక సాహిత్య సభకు వెళ్ళాం. ముస్లిం కథకులు తెలుగులో రాస్తున్న కథల గురించి మాట్లాడమని పిలిచారు. నాలుగు కాగితాలు రాసుకుని పాసింజరు బండి దిగాం. వేదిక మీద మమ్మల్ని పరిచయం చేసిన పెద్దమనిషి "ఉర్దూ మాధుర్యాన్ని మన ఉద్దానం గాలికి రుచి చూపించడానికి వచ్చిన మిత్రులు" అన్నారు. మైకు చేతికిస్తూ "ముందు ఓ షాయిరీ వినిపించండి సాయిబుగారూ, తర్వాతే ఉపన్యాసం" అన్నారు. సభంతా చప్పట్లు. ఆ చప్పట్లలో ద్వేషం ఏమాత్రం లేదు. ఉన్నదంతా ప్రేమే. మా చిక్కంతా ఆ ప్రేమతోనే.

మేము షాయిరీ చెప్పలేదు. కథల గురించే మాట్లాడాం. అద్దె ఇల్లు దొరకని కథ, దూది ఏకే మనిషి కథ, పెళ్ళికి ఎదురుచూస్తూ ముదిరిపోయిన పిల్ల కథ. మర్యాదగా విన్నారు. చివర్లో ఒకాయన లేచి "అంతా బాగుంది గాని, మీ గజల్ ఒక్కటీ పడలేదు" అన్నారు. తెలుగులో ముస్లిం అనగానే ఒక ప్రక్రియ పేరు వెంటనే నోటికొస్తుంది. ఆ ప్రక్రియలో ఒక పానపాత్ర, ఒక మేలిముసుగు, ఒక వెన్నెల రాత్రి ఉంటాయి. మా దుకాణం, మా రేషన్ కార్డు, మా భయం ఉండవు. ప్రక్రియల పేర్లు పాఠ్యపుస్తకం వెనక పేజీల్లో ఉండే సాదాసీదా నిర్వచనాలని మనం అనుకుంటాం. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా అవే చెబుతాయని ఆ రాత్రి మాకు మళ్ళీ తెలిసొచ్చింది.

సభ అయ్యాక రిటైరైన తెలుగు మాస్టారొకరు పక్కకు పిలిచారు. "నాకు తెలీక అడుగుతాను బాబూ. షేరంటే ఏటండి? మా పలాస జీడిపప్పు వ్యాపారులు షేరంటే వాటా అంటారు. సినిమావాళ్ళు షేరంటే పులంటారు. మీరేమో పద్యమంటారు. ఏది నిజం?" మాకు ప్రాణం లేచొచ్చింది. సభలో వినిపించిన పొగడ్తలన్నిటికంటే ఈ ప్రశ్న మేలు. ఆయనకు మాధుర్యం అక్కర్లేదు, అర్థం కావాలి.

మూడూ నిజమే. వాటా అనే షేరు ఇంగ్లీషుది. పులి అనే షేర్ ఫారసీది. అక్కడ సింహం, ఇక్కడికొచ్చాక పులి కూడా అయింది. పద్యమనే షేర్ అరబ్బీది, దాని నడిమధ్య 'ఐన్' అనే అక్షరం గొంతులోంచి పలుకుతుంది. ఉర్దూ లిపిలో రెంటికీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు లిపిలో మూడూ ఒకే గుంటలో పడతాయి. ఆ మాటకొస్తే మా నోట్లో కూడా చాలామందికి ఆ 'ఐన్' పలకదు.

మాస్టారికి పులి కథ కూడా చెప్పాం, ఎందుకంటే అది ఆయన జిల్లాదే. గోలకొండ కుతుబ్‌షాహీల తరఫున శ్రీకాకుళం ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో ఆ ఊళ్ళో జామియా మసీదు కట్టించాడు. బొబ్బిలి సంస్థానం ఆయన మెప్పుతో మొదలైందనీ, ఆ మెప్పుకు గుర్తుగా ఆయన పేరులోని 'షేర్'ను తెలుగు చేసి 'పెబ్బులి' అని ఊరికి పెట్టారనీ, అదే బొబ్బిలి అయిందనీ చెప్పుకుంటారు. మాస్టారు చాలాసేపు నవ్వారు. "అయితే బొబ్బిలిపులి అంటే పులి పులి అన్నమాట" అన్నారు. ఉత్తరాంధ్ర పౌరుషానికంతటికీ గుర్తుగా చెప్పుకునే మాటలో ఒక ముస్లిం పేరు అనువాదమై దాక్కుని ఉందని చెప్పుకునే కథ ఇది. దానికి ఏ పుస్తకంలోనూ అడుగున షరా వెయ్యరు.

షరా అన్నాం కదా, ఆ మాట సంగతీ చూడాలి. అరబ్బీలో 'షర్‌హ్' అంటే వ్యాఖ్యానం. ఒక కవి దీవాన్‌కు పండితుడు రాసే టీకను షర్‌హ్ అంటారు. అది మన తాలూకా కచేరీలో చేరి రిజిస్టరు చివరి గడి అయింది. 'షరా మామూలే' అని తెలుగువాళ్ళు రోజుకు పదిసార్లు అంటారు. అందులో షరా అరబ్బీ, మామూలూ అరబ్బీ, చివరి ఏత్వం ఒక్కటే తెలుగు. కితాబు మాట ఇంకా తమాషా. తెలుగులో 'కితాబివ్వడం' అంటే మెచ్చుకోవడం. ఉర్దూలో కితాబ్ అంటే పుస్తకం. బిరుదును ఖితాబ్ అంటారు. తెలుగు ఒత్తును వదిలేసి బిరుదును పుస్తకంలో కలిపేసింది. పత్రికాఫీసులో మేము డెస్కులో ఉన్నప్పుడు 'కితాబిచ్చారు' అని రాసినందుకు ఒక ఉర్దూ మిత్రుడు, ఎవరికి ఏ పుస్తకమిచ్చారని అడిగాడు. జిల్లా, తహసీలు, దస్తావేజు, వకీలు, జవాబు, కాగితం, రైతు. ఈ మాటలకు తెలుగులో అడుగున షరా ఉండదు. కాని మా కథలో 'దస్తర్‌ఖాన్' అని రాస్తే సంపాదకుడు పక్కన చుక్క పెట్టి అడుగున అర్థం రాయమంటాడు. 'అమ్మీజాన్'కు చుక్క, 'జనాజా'కు చుక్క. అదే పేజీలో ఇంకో కథకుడు 'పిండప్రదానం' అంటే చుక్క లేదు, 'అక్షతలు' అంటే చుక్క లేదు. తెలియని మాటకు అర్థం చెప్పడం మంచిదే, మేము కాదనం. అయితే ఎవరికి తెలియని మాట? ఆ పాఠకుణ్ణి ఎవరుగా ఊహించుకుని ఆ చుక్క పెట్టారు? కథ రాసినవాడి తల్లి ఆ కథ చదివితే ఆమెకు కావాల్సిన షరా వేరు.

సరే, గజల్ దగ్గరికే వద్దాం. దాన్ని తప్పించుకుని పోతే పారిపోయినట్టవుతుంది.

గజల్ అంటే ప్రేమగీతం అని ఒక ముక్కలో తేల్చేస్తారు. ఆ అరబ్బీ మాటకు మొదట స్త్రీలతో సరస సంభాషణ అనే అర్థం ఉన్నమాట నిజం. కాని ప్రక్రియగా గజల్ నిలబడింది వస్తువు మీద కాదు, కట్టడం మీద. 'కట్టడం' అని కావాలనే అంటున్నాం. అరబ్బీ ఛందస్సులో రెండు పాదాల పద్యాన్ని 'బైత్' అంటారు. బైత్ అంటే ఇల్లు, డేరా. ఒక్కో పాదం 'మిస్రా', అంటే తలుపు రెక్క. గణంలోని చిన్న ముక్కల్లో ఒకదాని పేరు తాడు, ఇంకోదాని పేరు గూటం. ఎడారిలో డేరా వేసుకునేవాళ్ళ మాటలివి. మన తెలుగు పద్యానికి పాదాలుంటాయి, అది నడుస్తుంది. అరబ్బు పద్యానికి తలుపులుంటాయి, లోపల మనిషి కాపురముంటాడు. ఇక 'బహర్' అంటే వృత్తం; ఆ మాటకే సముద్రమని కూడా అర్థం. ఉద్దానం తీరంలో పెరిగిన మాస్టారికి ఈ ఒక్క మాటతో ఛందస్సు మొత్తం బోధపడింది. "కెరటం ఎంత పొడుగో అంత పొడుగే లైను" అన్నారు. అంతకంటే బాగా మేము చెప్పలేం.

గజల్లో మొదటి షేర్ 'మత్లా', పొద్దు పొడిచే చోటు. చివరిది 'మఖ్తా', తెగే చోటు. మత్లాలో రెండు పాదాల చివరా, తర్వాతి షేర్లలో రెండో పాదం చివరా మారకుండా వచ్చే మాట 'రదీఫ్'. గుర్రం మీద వెనక కూర్చుని వచ్చే మనిషిని రదీఫ్ అంటారు. దానికి ముందు అంత్యప్రాసలా మారుతూ వచ్చేది 'ఖాఫియా'. పగ్గాలు ఖాఫియా చేతిలో ఉంటాయి, రదీఫ్ వెనక కూర్చుని వస్తుంది. ముషాయిరాలో కవి మొదటి పాదం రెండుసార్లు, మూడుసార్లు చదివేది ఇందుకే. వినేవాళ్ళు రాబోయే ఖాఫియా ఏమిటా అని లోపల లెక్కలు వేసుకుంటూ ఉంటారు. అది పడగానే రదీఫ్‌ను సభంతా కవితో కలిసి అంటుంది. తెలుగు చెవికి ఈ అలవాటు లేదు. మన ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర ఉంటుంది. యతి పాదం నడుమ ఉంటుంది. తెలుగు చెవి ముందే మేలుకుంటుంది. ఉర్దూ చెవి చివరిదాకా కాచుకుంటుంది. గజల్‌ను తెలుగులోకి తెచ్చేవాళ్ళు ఎదుర్కొనే అసలు కష్టం ఇదీ. మధువూ మధుశాలా తెలుగులోకి తేలిగ్గానే వచ్చాయి.

రదీఫ్ అంటే మకుటమే అని మాకు చెప్పినవాళ్ళున్నారు. సగం నిజం. మకుటం రెండు పనులు చేస్తుంది. ప్రతి పద్యం చివరా తిరిగి వచ్చి శతకాన్ని కట్టి ఉంచుతుంది. చాలాసార్లు కవి పేరునో ఇష్టదైవం పేరునో మోస్తుంది. గజల్లో ఈ రెండు పనులూ ఇద్దరికి పంచారు. తిరిగి రావడం రదీఫ్ పని. పేరు మోయడం 'తఖల్లుస్' పని, అదీ మఖ్తాలో ఒక్కసారే. కాని ఈ పోలికలో అంతకంటే పెద్ద విషయం ఉంది. శతకంలో ఏ పద్యానికదే ముక్తకం. వేమన పద్యాల్లో పదోది తీసి నూరో దాని పక్కన పెడితే ఏమీ చెడదు. గజల్లో కూడా ఏ షేర్‌కదే ఇల్లు. ఒక దాంట్లో దేవుడు, ఒక దాంట్లో ప్రియురాలు, ఒక దాంట్లో ఊరి కొత్వాలు. గజల్ తెలుగుకు పరాయిదనే పండితుడూ, గజల్ రావాలంటే తెలుగు తన స్వభావం మార్చుకోవాలనే అభిమానీ ఇద్దరూ శతకాన్ని మరిచిపోయారు. తెలుగు గజల్‌కు సొంత చుట్టం శతకమే. పాట కాదు.

కాని మన దగ్గర గజల్ వచ్చి చేరింది పాట ఇంట్లో. దాశరథి గాలిబ్‌ను తెలుగు చేసి 1961లో 'గాలిబ్ గీతాలు' అన్నారు. గాలిబ్‌ను తెలుగువాడి గుండెకు అంత దగ్గరగా తెచ్చిన పుస్తకం ఇంకోటి లేదు. మేము ఉర్దూ చదవడం రాని మా తెలుగు మిత్రులకు ఇప్పటికీ అదే ఇస్తాం. అయినా శీర్షికలో ఉన్న 'గీతాలు' అనే మాట చేసిన పని చిన్నది కాదు. షేర్ గీతమైపోయింది. సంప్రదాయంలో దీవాన్‌ను ఎలా పేరుస్తారంటే, రదీఫ్ చివరి అక్షరం ప్రకారం, అలిఫ్‌తో మొదలుపెట్టి. కవి వయసు ప్రకారం కాదు, విషయం ప్రకారం కాదు. ఇల్లు పక్కన ఇల్లు, వీధి పక్కన వీధి. ఆ ఊరి పటం తెలుగులోకి రాలేదు. తర్వాత సి.నారాయణరెడ్డి గజళ్ళు రాసి, తానే పాడి ఊరూరా వినిపించారు. ఆ గజళ్ళలో చాలావాటిలో ఒకే ఊహ మొదటినుంచి చివరిదాకా సాగుతుంది. ఉర్దూలో దానికి 'గజల్-ఎ-ముసల్‌సల్' అని పేరుంది, అది మినహాయింపు. తెలుగులో మినహాయింపే నియమమైంది. తప్పు అనడం లేదు. ప్రక్రియ కొత్త నేలకు వస్తే వేరు తొడుగు వేసుకుంటుంది. ఆ మార్పును మార్పుగా చెప్పి, దానికి కారణం వెతకాల్సింది విమర్శకులు. ఆ పని చేసినవాళ్ళు తక్కువ. మాధుర్యం, సౌకుమార్యం అనే రెండు విశేషణాలతో సరిపెట్టినవాళ్ళు ఎక్కువ.

రుబాయీకీ ఇదే గతి పట్టింది. నాలుగు పాదాలు, అందులో మూడో పాదం ప్రాసకు లొంగదు, అది తిరగబడ్డాక నాలుగోది వచ్చి కొడుతుంది. దానికి తనదైన బహర్ ఉంది. ఏ రుబాయీకదే. 1859లో ఫిట్జ్‌గెరాల్డ్ వాటిని తన ఇష్టప్రకారం వరుసపెట్టి, పొద్దున మొదలై చీకటితో ముగిసే ఒక కథలా దండ గుచ్చాడు. ప్రపంచమంతా ఆ దండనే ఖయ్యాం అనుకుంది. మన దగ్గర దువ్వూరి రామిరెడ్డి ఫారసీ నేర్చుకుని 'పానశాల' రాశారు, గొప్ప పద్యాలు. అదే కాలపువాడు పిఠాపురం ఉమర్ ఆలీషా (1885-1945) కూడా ఖయ్యాంను ఫారసీ నుంచి నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన సూఫీ పీఠం గురువు, ఢిల్లీ శాసనసభ సభ్యుడు. మహాభారత కథను పద్యనాటకంగా రాసిన ముస్లిం. ఖయ్యాం అనగానే పానశాల గుర్తొచ్చినంత తొందరగా ఆలీషా ఎందుకు గుర్తురాడు? రామిరెడ్డి పద్యం గొప్పది కాబట్టి అంటే కొంత ఒప్పుకుంటాం. మిగతా కొంత ఇంకోచోట ఉంది. ఖయ్యాంను తెచ్చిన హిందువు రసికుడవుతాడు. ఖయ్యాంను తెచ్చిన ముస్లిం తన ఇంటి సామాను తాను మోసుకొచ్చినవాడవుతాడు. అందులో విశేషమేముందని లోకం అనుకుంటుంది.

గజల్, రుబాయీ తెలుగులోకి వచ్చాయి సరే, 'మర్సియా' ఎందుకు రాలేదు? ఇది మా అసలు ప్రశ్న. నిఘంటువులో దానికి 'శోకగీతం' అని ఒక మాట పడేసి ఊరుకుంటారు. శోకగీతమంటే ఎవరో పోతే రాసే పద్యం. మర్సియా అది కాదు. కర్బలా మైదానంలో ఇమాం హుసేన్, ఆయన పిల్లలు, నేస్తాలు నీళ్ళు లేక, లొంగక చనిపోయిన కథకు పెట్టిన మహా కట్టడం అది. లక్నోలో మీర్ అనీస్, మీర్జా దబీర్ చేతుల్లో పందొమ్మిదో శతాబ్దంలో దానికి ఆరు పాదాల చరణం కుదిరింది. అంతకు రెండు వందల యాభై ఏళ్ళ ముందే గోలకొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో మర్సియాలు రాశాడు. అంటే ఇది లక్నో నుంచి మనకు దిగుమతి అయిన సరుకు కాదు, మన నేల మీద ముందే ఉంది. పూర్తి మర్సియాలో అంగాలున్నాయి. చెహరా, అంటే ముఖం, ప్రారంభం. సరాపా, వీరుడి రూపవర్ణన. రుఖ్సత్, డేరాలో ఆడవాళ్ళ దగ్గర సెలవు తీసుకోవడం. ఆమద్, మైదానంలోకి రాక. రజజ్, శత్రువు ముందు తన వంశం చెప్పి సవాలు చేయడం. జంగ్. షహాదత్. చివర బైన్, ఏడుపు.

ఈ వరుస చెబుతుంటే మాస్టారు చేత్తో ఆపారు. "ఇది బొబ్బిలి కథ కాదేటి?" అన్నారు.

మేము అక్కడ కొంచెంసేపు మాట్లాడలేకపోయాం. నలభై ఏళ్ళుగా రెండు భాషల్లో బతుకుతూ మాకు తట్టని మాట ఆయన ఒక్క క్షణంలో అన్నారు. 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు పంతం, కోటలో చిక్కిన జనం. తాండ్ర పాపారాయుడి రాక, సవాలు, కోటలో ఆడవాళ్ళ సెలవు, చావు, చివర ఊరంతా ఏడుపు. అంగం తర్వాత అంగం సరిపోతుంది. ఒకదాన్ని చూసి ఇంకోటి పుట్టిందని మేము అనడం లేదు. ఓడి చనిపోయినవాళ్ళ తరఫున నిలబడే ప్రజలు ఎక్కడున్నా కథను ఇలాగే కడతారని మాత్రం అంటున్నాం. మర్సియాను 'శోకగీతం' అని కాకుండా 'వీరగాథ' అని తెలుగు చేసి ఉంటే, పాఠ్యపుస్తకంలో అది బొబ్బిలి కథ పక్క పేజీలో ఉండేది. ఒక అనువాద పదం ఎంచుకోవడంలో ఎంత దూరం ఏర్పడిందో చూడండి. తెలంగాణలో, రాయలసీమలో పీర్ల పండుగనాడు అలావా చుట్టూ తిరుగుతూ తెలుగు ఆడవాళ్ళు పాడే హసన్ హుసేన్ పాటలు ఈ మర్సియాకు తెలుగు పిల్లలే. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరు దగ్గర చేరే జనంలో ముస్లిమేతరులే ఎక్కువ. ఆ పాటలను మనవాళ్ళు 'జానపదం' అనే గోనెసంచిలో వేశారు. ప్రక్రియ అనే పేరు దక్కలేదు.

బొబ్బిలి కథ అన్నాం కాబట్టి నాజర్‌ను తలుచుకోకుండా ముందుకు పోలేం. షేక్ నాజర్ (1920-1997), గుంటూరు జిల్లా పొన్నెకల్లు. జంగం కథగా, తంబుర కథగా ఉన్నదాన్ని బుర్రకథగా ఊరూరా నిలబెట్టినవాడు. ప్రజానాట్యమండలి వేదిక మీద కథకుడు, హాస్యం చెప్పే వంత, రాజకీయం చెప్పే వంత అని ముగ్గుర్నీ పెట్టి తెలుగునాడంతా తిరిగాడు. పల్నాటి యుద్ధం చెప్పాడు, అల్లూరి సీతారామరాజు చెప్పాడు, బొబ్బిలి యుద్ధం చెప్పాడు. బొబ్బిలి కథలో బుస్సీ పక్కన దివాను హైదర్ జంగ్ ఉంటాడు. తురకసేన మీద తిట్లూ ఉంటాయి. అవన్నీ తెలిసీ ఆ కథను నాజర్ తన కథగా చెప్పాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన జీవితకథ పేరు 'పింజారి'. ఆ పేరు చూసి మేము చాలా రోజులు ఆలోచించాం. తెలుగులో పింజారి అంటే తిట్టు. పత్రికల్లో, సినిమాల్లో, బడిలో అలవోకగా వాడే తిట్టు. దూది ఏకే కులం పేరు అది. తెలుగు వీరగాథకు కొత్త ఊపిరి పోసిన మనిషి తన పుస్తకం మీద, తెలుగు తనకిచ్చిన తిట్టును పేరుగా అచ్చేసుకున్నాడు. బుర్రకథ ఏ ప్రక్రియ అని పరీక్షలో అడిగితే 'తెలుగువారి అచ్చమైన కళారూపం' అని రాయాలి. నిజమే. రాయండి. ఎవరి గొంతులో అది అచ్చమైందో కూడా రాయండి.

'అచ్చ' అనే మాటకు ఇంకో చరిత్ర కూడా ఉంది. తెలుగులో మొదటి అచ్చతెలుగు కావ్యంగా చెప్పే 'యయాతి చరిత్ర'ను పొన్నగంటి తెలగన్న కుతుబ్‌షాహీల ఉద్యోగి అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. సంస్కృతం మాట లేని తెలుగును చెవియొగ్గి విన్న కృతిభర్త ముస్లిం. ఇక స్వచ్ఛత గురించి మాతో ఎవరైనా ఎలా మాట్లాడతారు?

ఇంతవరకు తప్పంతా అవతలివాళ్ళదే అన్నట్టు రాశాం. మా ఇంటి సంగతి కూడా చెప్పుకోకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. నాజర్‌ను ముస్లిం కళాకారుడిగా ముందు గుర్తించనిది మేమే, మా ఉర్దూ తెలిసిన ముస్లింలమే. దూదేకులవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కాబట్టి వాళ్ళను సగం ముస్లింలుగా చూశాం. మసీదులో ఒక వరుసలో నిలబడి, పెళ్ళి సంబంధాల దగ్గర వేరు వరుస కట్టాం. మేము ఇంట్లో మాట్లాడేది మాత్రం పుస్తకాల ఉర్దూనా? 'నక్కో' అంటాం, 'హౌ' అంటాం. బడిలో మా ఉర్దూ మాస్టారు 'నక్కో' విని బెత్తం తీసేవారు. 1635లో గోలకొండలో ముల్లా వజ్హీ 'సబ్‌రస్' అనే గొప్ప వచన గ్రంథం రాసిన భాష ఈ దక్కనీయే అని మాకు ఆయన చెప్పలేదు. కాలేజీకొచ్చాక తెలిసింది. ఢిల్లీ లక్నోల ముందు మేము దక్కనీని దాచుకున్నాం, తెలుగువాళ్ళ ముందు ఉర్దూను ఊపాం, దూదేకుల ముందు రెంటినీ ఊపాం. గజల్ మీది మాత్రమే అని సభలో ఎవరో అన్నప్పుడు మాకు కలిగిన ఇబ్బందిలో రవ్వంత గర్వం కూడా లేకపోలేదు. ఆ గర్వం ఎవరి నెత్తిన కూర్చుందో మాకు తెలుసు.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991) వచ్చినప్పుడు, ఆ తర్వాత 1992 డిసెంబర్ 6 మమ్మల్నందర్నీ మళ్ళీ పుట్టించినప్పుడు, 'జల్‌జలా' (1998) అనే సంకలనం అచ్చయినప్పుడు, దానికేం పేరు పెట్టాలని తెలుగు విమర్శ తికమకపడింది. మైనారిటీ కవిత్వం అన్నారు, ముస్లింవాద కవిత్వం అన్నారు. రూపం మాత్రం ఎవరూ అడగలేదు. వచన కవిత్వమే కదా అని వదిలేశారు. చూస్తే ఆ కవితల్లో చాలావాటిలో మర్సియా అంగాలు ఉన్నాయి. తన వంశం చెప్పి సవాలు చేసే రజజ్ ఉంది. చివర బైన్ ఉంది. ఈ పేర్లు తెలియని విమర్శకుడు దాన్ని 'నినాదప్రాయం' అన్నాడు, 'ఆవేశం ఎక్కువ, శిల్పం తక్కువ' అన్నాడు. రజజ్ అనే అంగం ఉందని తెలిసినవాడు అలా అనడు. మంచి రజజ్ కాదు, ఇక్కడ తేలిపోయింది అంటాడు. ఆ మాట అంటే మేము పడతాం. 'జల్‌జలా'లో అలా తేలిపోయిన కవితలున్నాయి కూడా.

ఇక ఈ నేల సంగతి. పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఎత్తుకుని గిరిజన పోరాటం పాడాడు. ఒక పక్క తోలు మూసిన డబ్బా, దాని నడుమ బిగించిన తీగ, అదీ జముకు. అమ్మవారి జాతరల్లో చెప్పుకునే కథారూపం. 1969 డిసెంబరులో ఆయన్ను కాల్చి చంపారు. ఆయన ఇంటిపేరే ఒడియాది. అయినా జముకుల కథ నీది కాదు, నీ ప్రక్రియ వేరే ఉందని ఆయనతో ఎవరూ అనలేదు. అనరు కూడా. గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలను హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో పాడుకుంటారు. ఈ ఊరి పేరున్న రాజు కథే అది. అర్ధరాత్రి హార్మోనియం మీద ఆ పద్యం ఎత్తగానే వన్స్‌మోర్ పడుతుంది. ఊరి చివర ఉంచిన మనిషి పద్యం అని ఎంతమందికి తెలుసో గాని, పద్యం మాత్రం రాజు నోట్లో రాజుదైపోయింది. ఇదే జాషువా 1932లో 'ఫిరదౌసి' రాసి, సుల్తాను చేతిలో మోసపోయిన ఫారసీ కవి బాధను తన బాధగా చెప్పుకున్నాడు. దాన్ని ఎవరూ 'ముస్లిం ఇతివృత్తం' అనే గడిలో పెట్టలేదు, ఖండకావ్యం అన్నారు. ఇంతేనండీ మేము అడిగేది. మేము కథ రాస్తే కథ అనండి. బాగోకపోతే బాగోలేదనండి.

రాత్రి బండికి ఇంకా టైముంది. మాస్టారు తన నోటుపుస్తకంలో మేము చెప్పిన మాటలన్నీ రెండు వరుసల్లో రాసుకున్నారు. బైత్ ఎదుట ఇల్లు, బహర్ ఎదుట కెరటం, రదీఫ్ ఎదుట వెనక కూర్చున్నోడు, మర్సియా ఎదుట బొబ్బిలి. షేర్ దగ్గరికొచ్చి పెన్ను ఆపారు. "పులికీ పద్యానికీ తేడా తెలిసేట్టు రాయాలంటే తెలుగులో ఏ అక్షరం వాడమంటారు బాబూ?" అన్నారు. లేదన్నాం. ఆయన కాసేపు చూసి, షే మీద సన్నగా ఒక గీత గీశారు. "దీనికి షరా అవసరం లేదు. ఇక్కడ గొంతు పట్టాలని నాకు తెలుసు" అన్నారు. తర్వాత ఆ గీత పెట్టి గట్టిగా పలకడానికి మూడుసార్లు ప్రయత్నించారు. మూడోసారి మాకంటే బాగా పలికారు. అంతలో మద్రాసు వైపు బండి కూత వేసింది.